నలుగురూ ఒకేసారి అరిచినా వినపడేలా: గేమ్ కామెంటరీ రికార్డు చేసే పద్ధతి

నలుగురు కలిసి వీడియో గేమ్ ఆడుతూ, వాగుతూ, ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటుంటే భలే సరదాగా ఉంటుంది. అదంతా రికార్డు చేసి మర్నాడు వింటే తలనొప్పి వస్తుంది. రాత్రి పడీ పడీ నవ్విన చోట ఎవరు ఏమన్నారో కూడా తెలియదు. జోకులు బాగాలేక కాదు. నాలుగు గొంతులూ, గేమ్ చప్పుడూ ఒకే ఫైల్లో కలిసిపోవడం వల్ల. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే: ఎవరి గొంతు వాళ్లు, వాళ్ల దగ్గరే, విడిగా రికార్డు చేసుకోవాలి. గేమ్, మైకు, ఎడిటింగ్ అన్నీ దాని తర్వాతే.

మా జట్టులో విజయవాడలో నేను, పక్క గదిలో మా తమ్ముడు, హన్మకొండలో నా స్నేహితురాలు, డల్లాస్‌లో అక్కావాళ్లింటి నుంచి మా బావ. బావకీ మాకూ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా. నవంబర్లో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక పదకొండున్నర. మాకు శనివారం రాత్రి భోజనాలయ్యే వేళకి ఆయన అప్పుడే కాఫీ తాగి వచ్చి కూర్చుంటారు. ఆయన హుషారు, మా ఆవలింతలు రెండూ కామెంటరీకి పనికొస్తాయి.

నవ్వుల కోసమైతే, ఓడిపోవడం కళ్లకు కనపడే గేమ్ ఎంచుకోండి. హ్యూమన్ ఫాల్ ఫ్లాట్ తీసుకుంటే అందులో మనిషి ఒంట్లో ఎముకలున్నట్టే ఉండవు. తలుపు తీయడమే పెద్ద ప్రహసనం. అమాంగ్ అస్ అయితే అబద్ధాలాడటమే ఆట: గుంపులో దొంగచాటుగా చంపే ఇంపోస్టర్ ఎవరో మిగతావాళ్లు మీటింగ్ పెట్టి కనిపెట్టాలి. మాకు బాగా కలిసొచ్చింది 2018లో వచ్చిన ఓవర్‌కుక్డ్ 2. నలుగురూ ఒకే వంటగదిలో టైముకు వండి వడ్డించాలి. మన దగ్గర చాలామంది తుపాకుల ఆట బీజీఎంఐతో మొదలుపెడతారు, ఫోన్ ఉంటే చాలు కాబట్టి. మొదటి వీడియోకి మాత్రం నేను దాన్ని వద్దంటాను. నడిచినంతసేపూ చెప్పడానికేం ఉండదు, కాల్పులు మొదలవగానే ‘లెఫ్ట్, లెఫ్ట్, లెఫ్ట్’ తప్ప ఇంకేం వినపడదు. ఒక్కరే ఆడేట్టయితే కొండెక్కే గేమ్ గెటింగ్ ఓవర్ ఇట్ ఉంది. అందులో ఆ గేమ్ చేసిన బెనెట్ ఫాడీయే మధ్యమధ్యలో మాట్లాడుతుంటాడు, కింద పడినప్పుడల్లా ఓదారుస్తాడు. ఆయన మాట్లాడేటప్పుడు మనం నోరు మూసుకుంటేనే అందం.

ఇక రికార్డింగ్. కంప్యూటర్ ఉన్నవాళ్లకు తెరమీది ఆటనూ శబ్దాన్నీ రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో చాలు, ఉచితం. మాట్లాడుకోవడానికి డిస్కార్డ్. ఓబీఎస్‌లో ఆరు ఆడియో ట్రాకుల (ఒకే ఫైల్లో ఉన్నా ఒకదానితో ఒకటి కలవని శబ్దపు వరసల) దాకా విడివిడిగా పెట్టుకోవచ్చు. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లోకి వెళ్లి గేమ్ చప్పుడు ఒక ట్రాకుకీ, మీ మైకు ఇంకో ట్రాకుకీ, డిస్కార్డ్ నుంచి వచ్చే గొంతులు మూడోదానికీ కేటాయించండి. సెట్టింగ్స్‌లోని అవుట్‌పుట్‌లో రికార్డింగ్‌కి కూడా ఆ ట్రాకులన్నిటికీ టిక్ పెట్టాలి, లేకపోతే మొదటిదొక్కటే ఫైల్లోకి వస్తుంది. ఒకరు గేమ్ వీడియో పట్టుకుంటే చాలు. మిగతావాళ్లు తమ గొంతు మాత్రం ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లోనో, ఫోన్‌లోని వాయిస్ రికార్డర్‌లోనో రికార్డు చేసుకుని ఫైలు పంపాలి. డిస్కార్డ్ గొంతులున్న ఆ మూడో ట్రాకు, ఎవరి ఫైలైనా పోతే ఆదుకోవడానికి.

రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టండి. మామూలు ఎంపీ4లో రికార్డు చేస్తుండగా కరెంటు పోతే ఫైలు అసలు తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీలో అయితే కరెంటు పోయేదాకా ఆడింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ నొక్కితే అదే ఎంపీ4 అయిపోతుంది. జాగా కూడా ముందే చూసుకోండి. 12 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 12 మెగాబిట్లు) రికార్డు చేస్తే గంటకు దాదాపు 5.4 జీబీ పడుతుంది.

ఫోన్లో ఆడేవాళ్లకు ఒక చిక్కుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి స్క్రీన్ రికార్డర్‌తో గేమ్ చప్పుడు పట్టుకోవచ్చు గానీ, వాయిస్ చాట్‌లో తోటివాళ్ల మాటలు మామూలుగా అందులో పడవు. వీడియో చూస్తే మీరొక్కరే పిచ్చివాళ్లలా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. దీనికీ విరుగుడు అదే. ప్రతి ఒక్కరూ పక్కన ఇంకో ఫోన్ పెట్టుకుని సొంత గొంతు రికార్డు చేసుకోవాలి.

మైకు మీద డబ్బు తగలేయకండి. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్స్ మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంటే సరిపోతుంది. బ్లూటూత్ మాత్రం వద్దు, దాని మైకు ఆన్ కాగానే చాలావాటిలో శబ్దం ఫోన్ కాల్ స్థాయికి దిగిపోతుంది. స్పీకర్లు అసలే వద్దు, అందరి గొంతులూ మీ మైకులోకి దూరి విడిగా రికార్డు చేసిన పుణ్యం కాస్తా పోతుంది. ఒకే ఇంట్లో ఇద్దరుంటే మధ్యలో తలుపు వేసుకోవాలి. ఇక ఫ్యాన్. మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపి ఆడమనే ధైర్యం నాకు లేదు. ఓబీఎస్‌లో మైకుకి నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ పెట్టి, అందులో ఆర్‌ఎన్‌నాయిస్ ఎంచుకుంటే ఆ హోరు చాలావరకు పోతుంది. కుక్కర్ విజిల్ పోదు. అది ఉండనివ్వండి, ఎలాగూ ఎవరో ఒకరు దాని మీద ఏదో ఒకటి అంటారు.

అందరూ రికార్డింగ్ నొక్కాక ఒకరు ‘ఒకటి, రెండు, మూడు’ అనాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో ఆ చప్పట్లు నిటారు గీతల్లా కనపడతాయి, వాటిని ఒకదాని కింద ఒకటి పెడితే గొంతులు కలుస్తాయి. ఇంటర్నెట్ ఆలస్యం వల్ల వెంట్రుకవాసి తేడా ఉంటే చెవితో విని సర్దుకోండి. ఆట అయ్యాక మళ్లీ ఒకసారి కొట్టించండి. రెండు గంటల రికార్డింగ్‌లో ఫోన్ ఆడియో కొద్దికొద్దిగా జరిగిపోతే, అది ఎంత జరిగిందో ఆ రెండో చప్పట్లే చెప్తాయి.

ఏం మాట్లాడాలన్నది చాలామందికి టెన్షన్. జోకులు రాసుకుని రావద్దు. చదివినట్టుండే జోకు చూసేవాళ్లకు అర నిమిషంలో దొరికిపోతుంది. తెరమీద కనపడేది చెప్పడం కూడా దండగ. ‘ఇప్పుడు తలుపు తీస్తున్నాను’ అంటే ఎవరికి కావాలి? కనపడనిది చెప్పండి: మీ ప్లాను ఏంటి, ఎవరి మీద అనుమానం, ఎవరి వల్ల పోయింది. నలుగురిలో ఒక్కరైనా నిజంగా గెలవాలని ఆడాలి. మాకు ఆ మనిషి హన్మకొండ అమ్మాయి. మిగతా ముగ్గురం చెడగొడుతుంటే ఆమెకు వచ్చే కోపమే సగం వీడియో.

ఓవర్‌కుక్డ్ 2లో సూషీ వండే వంటగది ఉంటుంది. బియ్యం గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాలి, ఉడికాక దింపకపోతే మంట లేస్తుంది, ఆ మంట పక్క బల్లలకూ పాకుతుంది. బావ గిన్నెలు కడిగే దగ్గర ఉన్నారు. నేను మొదట ‘బావా, కొంచెం ప్లేట్లు కడగండి’ అన్నాను. తర్వాత ‘బావా ప్లేట్లు!’ చివరికి ‘కడుగు బావా!’ అటు హన్మకొండ నుంచి ‘అన్నా, జల్ది కడుగే!’ ఇంతలో తమ్ముడు గొంతు చించుకుని ‘అన్నం మాడిపోతోంది, అన్నం మాడిపోతోంది!’ అని అరిచాడు. పడుకోబోతున్న మా అమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. తమ్ముడి ట్రాకులో అమ్మ గొంతు స్పష్టంగా ఉంది: ‘ఏదిరా? ఏ పొయ్యి మీద?’ వాడు ఆట మీద ధ్యాసతో ‘ఎడమవైపు పొయ్యి!’ అన్నాడు. మా ఇంట్లో ఎడమవైపు పొయ్యి కూడా ఉంది మరి.

అసలు రికార్డింగ్‌లో ఆ క్షణాన నలుగురమూ అరుస్తున్నాం. ట్రాకులు విడిగా ఉండబట్టి మా ముగ్గురినీ మూడు సెకన్లు ఆపేసి, గేమ్ చప్పుడు తగ్గించి, అమ్మ మాటొక్కటే వినిపించగలిగాం. ఎడిటింగ్ అంటే నా లెక్కలో ఇదే: ఎవర్ని ఎప్పుడు నోరు మూయించాలో తెలియడం.

అమాంగ్ అస్‌లో ఇది ఇంకా బాగా పనికొస్తుంది. అందులో మీటింగ్ పెట్టేదాకా మాట్లాడకూడదని అందరూ డిస్కార్డ్‌లో మ్యూట్‌లో ఉంటారు. డిస్కార్డ్‌లో మ్యూట్ చేయండి గానీ సొంత రికార్డింగ్ ఆపకండి. ఇంపోస్టర్ తనలో తాను గొణుక్కునేది, చచ్చిపోయినవాళ్లు చంపినవాణ్ని తిట్టుకునేది అంతా ఫైల్లో ఉంటుంది. మీటింగ్‌లో ‘నేను వైర్లు కలుపుతున్నానండీ, దేవుడి మీద ఒట్టు’ అనే ముక్క పెట్టి, దాని ముందు వాడి గొణుగుడు తగిలించండి. జోకు విడిగా వేయక్కర్లేదు.

తిట్ల విషయంలో నాది పాతకాలపు అభిప్రాయం. బూతు వచ్చిన ప్రతిచోటా బీప్ వేస్తే వినేవాళ్ల చెవులు గింగిర్లెత్తుతాయి. ‘నీ దుంపతెగ’, ‘నీ మొహం మండ’ అన్నవాటికి బూతు కంటే ఎక్కువ నవ్వొస్తుంది, ఇంట్లో అందరూ ఉన్నా చూడొచ్చు.

రెండు గంటల ఆట పది పన్నెండు నిమిషాలకు రావాలి. మొత్తం మళ్లీ చూసే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, ఆడేటప్పుడు ఏదైనా బాగా పండితే ఎవరో ఒకరు మైకు దగ్గర రెండు చప్పట్లు కొట్టండి. తర్వాత ఆ గీతలున్న చోట్లే వెతుక్కోవచ్చు. నవ్వు మొదలైన రెండో సెకనుకే కట్ చేయండి. మీరు నవ్వుతూనే ఉంటే చూసేవాడు ఆగిపోతాడు. ప్రతి జోకుకీ బ్రహ్మానందం ముఖం అతికించడం నాకు నచ్చదు. ఆయన గొప్పవాడే, కానీ అందరి వీడియోల్లోనూ అవే నాలుగు ముఖాలు. పైగా సినిమా ముక్కలకూ పాటలకూ కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. గేమ్‌లోనే పాటలుంటే, సెట్టింగ్స్‌లో అలాంటి పాటల్ని ఆపేసే స్ట్రీమర్ మోడ్ ఉందేమో చూసి ఆన్ చేయండి.

ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట తెరమీద అక్షరాలు వేయండి, మనిషికో రంగు. తెలుగు అక్షరాలు చిన్న తెరమీద కనపడాలంటే లావుగా ఉండాలి. ఉచితంగా దొరికే రామభద్ర ఫాంటు బాగుంటుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి ‘క్క’ కాస్తా ‘క్‌క’ అవుతుంది. అడోబీ ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్‌లో సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ అన్నది ఎంచుకోవాలి. మీ దాంట్లో అలాంటిదేమీ లేకపోతే, ఆ మాటను వేరేచోట బొమ్మగా చేసుకుని తెచ్చి పెట్టుకోండి.

అప్‌లోడ్ చేసే ముందు నలుగురికీ పంపండి. ఎవరు ఏ ముక్క వద్దన్నా ఎందుకని అడక్కుండా తీసేయండి. మేం అక్క గొంతు వచ్చిన చోట్ల ఆమెను కూడా అడుగుతాం. ‘ఆ గిన్నెలు కడిగేదేదో ఇక్కడ కడగొచ్చుగా’ అని ఆమె బావని అన్న ముక్క ఉంచమంది. తీసేయమన్నది బావే.