ముందు చింతపిక్కలు తియ్యండి, డోసు తర్వాత పెంచుదురు గాని

ఫేజ్ 1 ట్రయల్‌లో, అంటే కొత్త మందుని మొదటిసారి మనుషుల మీద పరీక్షించేటప్పుడు, డోసు ఎంతవరకు పెంచొచ్చో నేర్చుకోవాలంటే సాఫ్ట్‌వేర్ తెరవకండి, పది చింతపిక్కలు తెచ్చుకోండి. మొన్న అమలాపురంలో కరెంటు పోయినప్పుడు అరుగు మీద కూర్చుని, ఫార్మ్‌డీ చదువుతున్న మా మేనకోడలికి ఇలాగే చెప్పాను. అష్టాచెమ్మాకి చేసినట్టు మూడు పిక్కల్ని గచ్చుకి రుద్ది తెల్లగా చెయ్యండి. తెల్లపిక్క అంటే డోసు ఆపాల్సినంత దుష్ప్రభావం వచ్చిన రోగి. పదీ డబ్బాలో వేసి, చూడకుండా ఒకటి తీసి, మళ్లీ అందులోనే వేసి, మూడుసార్లు అలా చెయ్యండి. ఒక్క తెల్లదీ రాకపోవడం వందకి 34 సార్లు జరుగుతుంది, 0.7ని మూడుసార్లు గుణిస్తే వచ్చేది అదే. 'ముగ్గురికీ ఏమీ కాలేదండి' అన్న మాట బరువు అంతే!

పాత 3+3 పద్ధతి ఆ మాట మీదే నడుస్తుంది. ముగ్గురిలో ఎవరికీ రాకపోతే పై డోసు, ఒకరికి వస్తే ఇంకో ముగ్గురు, ఆరుగురిలో ఒక్కరికే అయితే పైకి, ఇద్దరికి వస్తే ఆపడం. సులువే, డాక్టర్లకీ ఇష్టమే. కానీ నిజంగా 30 శాతం ప్రమాదం ఉన్న డోసు దగ్గర వందకి 49 సార్లు పైకి ఎక్కించేస్తుంది, బొమ్మాబొరుసే అనుకోండి.

నేనైతే 2015లో లియు, యువాన్ అనే గణాంక శాస్త్రవేత్తలు ప్రచురించిన బాయిన్ (BOIN) అనే డోసు పెంచే పద్ధతి వాడమంటాను. 1990 నాటి సీఆర్ఎమ్ (CRM) పద్ధతి కూడా మంచిదే, కాకపోతే తర్వాతి డోసు తేల్చడానికి ప్రతిసారీ కంప్యూటర్‌లో గణిత మోడల్ నడపాలి. బాయిన్‌లో ట్రయల్ మొదలవకముందే పట్టిక గీసేసి గోడకి అంటించొచ్చు. లక్ష్యం, అంటే మనం ఒప్పుకునే దుష్ప్రభావం శాతం, 30 అనుకుంటే హద్దులు 0.236, 0.358. ఆ డోసులో దుష్ప్రభావం వచ్చినవాళ్లని మొత్తం రోగులతో భాగించండి: మొదటి హద్దుకి మించకపోతే పైకి, రెండోది తాకినా దాటినా కిందకి, మధ్యలో ఉంటే అక్కడే. ఆరుగురిలో ఒకరైతే పైకి, ఇద్దరైతే అక్కడే, ముగ్గురైతే కిందకి. ముగ్గురికి ముగ్గురికీ దుష్ప్రభావం వస్తే ఆ డోసూ, దాని పైవన్నీ ఇక మూసేయడమే. ఇంకోటి, పరిశీలన గడువు పూర్తికాని రోగిని 'బాగానే ఉన్నాడు' అని లెక్కలో వేసుకోకండి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

ట్రయల్ చివర్లో సరైన డోసు ఎంచుకునేటప్పుడు లెక్కలు తలకిందులు కావొచ్చు. రెండో డోసులో ఆరుగురిలో ఇద్దరికి, మూడో డోసులో ఆరుగురిలో ఒకరికే దుష్ప్రభావం వచ్చిందనుకోండి. డోసు పెరిగితే ప్రమాదం తగ్గదు కదా, అందుకని రెండూ కలిపేసి పన్నెండుమందిలో ముగ్గురు, అంటే రెండిటికీ 25 శాతం అని రాసుకుని, అప్పుడు 30కి దగ్గరగా ఉన్న డోసు ఏదో చూడండి.