సరిగ్గా తగిలినా జంతువు పడటం లేదా? బుల్లెట్‌ను ఒకసారి చూడండి

ముందుగా ఒక మాట. వేటలో పొట్టలో తగిలిన దెబ్బను ఎంత ఖరీదైన బుల్లెట్ అయినా సరిదిద్దలేదు. గురి కుదిరిందని తేలాకే కింది కారణాలు వెతకండి.

సమస్య: ఊపిరితిత్తుల్లోంచే వెళ్ళింది, అయినా జంతువు చాలా దూరం పరుగెత్తింది. బుల్లెట్ బయటికొచ్చిన రంధ్రం లోపలికి దిగినంతే ఉంది. దారిలో నెత్తురు చుక్కలు కూడా సరిగా లేవు.

కారణం: బుల్లెట్ ముక్కు (ముందు కొన) విచ్చుకోలేదు. ఫుల్ మెటల్ జాకెట్‌లో సీసాన్ని ముందువైపు గట్టి తొడుగు కప్పేస్తుంది కాబట్టి అది సన్నటి దారి చేసుకుని అవతలికి పోతుంది. ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే సాఫ్ట్ పాయింట్‌తోనూ ఇలాగే అయితే దూరం ఎక్కువై, తగిలేసరికి వేగం చాలలేదేమో చూడాలి. పూర్తి రాగి బుల్లెట్లలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వాటిలో చాలా రకాలకు తగిలే క్షణంలో సెకనుకు సుమారు 1,800 నుంచి 2,000 అడుగుల వేగం కావాలి.

పరిష్కారం: వేటకు ఫుల్ మెటల్ జాకెట్ వద్దు. తయారీదారు చెప్పిన కనీస వేగం మీ రైఫిల్‌లో ఎంత దూరం వరకు నిలుస్తుందో లెక్క కట్టుకోండి. ఆ గీత దాటితే ట్రిగ్గర్ నొక్కకండి. గాయంతో తప్పించుకున్న జంతువు పడే యాతన మాటల్లో చెప్పలేం.

సమస్య: జబ్బ మీద వెడల్పాటి గాయం ఉంది, లోతు లేదు.

కారణం: పలుచని జాకెట్ (సీసం చుట్టూ ఉండే లోహపు తొడుగు) ఉన్న బుల్లెట్ దగ్గర నుంచి మంచి వేగంతో ఎముకను కొట్టి ముక్కలైపోయింది. 1946లో కెనడాలో పెద్ద మూస్ దుప్పిపై అమెరికన్ వేటగాడు జాన్ నాస్లర్ వాడిన బుల్లెట్లు ఇలాగే విఫలమయ్యాయి. ఆ తర్వాత ఆయన పార్టిషన్ బుల్లెట్ తయారుచేశారు. అందులో సీసం రెండు గదుల్లో ఉంటుంది, మధ్యలో జాకెట్ లోహంతోనే అడ్డుగోడ. ముందు గది విచ్చుకుంటే వెనక గది చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది.

పరిష్కారం: పెద్ద జంతువుకు పార్టిషన్, బాండెడ్ (సీసాన్ని జాకెట్‌కు అతికించినది) లేదా పూర్తి రాగి రకం వాడండి. మాంసం నెత్తురు గడ్డలతో పాడవుతున్నా పరిష్కారం ఇదే. కొంచెం బరువైన, నిదానమైన బుల్లెట్ కూడా పనిచేస్తుంది.

మాంసం కోసేటప్పుడు బుల్లెట్ దొరికితే పారేయకండి. కడిగి త్రాసులో పెట్టండి. పుట్టగొడుగులా విచ్చుకుని, 180 గ్రెయిన్లలో (బుల్లెట్ బరువు కొలిచే ప్రమాణం) 120 మిగిలితే పార్టిషన్‌కు అది మామూలే. పూర్తి రాగి బుల్లెట్‌లో అంత తగ్గిందంటే పువ్వులా విచ్చుకున్న ముక్కు రేకులు విరిగిపోయాయని అర్థం.