మృగశిర లోపే గ్రౌండ్ పనులు ముగించండి: వానాకాలానికి ముందు టర్ఫ్ జాగ్రత్తలు

2017 అక్టోబర్ 13న హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో జరగాల్సిన భారత్, ఆస్ట్రేలియా టీ20 టాస్ కూడా పడకుండానే రద్దయింది. ఆట మొదలవ్వాల్సిన వేళకు వాన లేదు. అంతకుముందు పడిన వానలకు నానిపోయిన ఔట్‌ఫీల్డ్ ఆరలేదు, అదీ సంగతి. 2024 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడాలో ఇంకా ఘోరం. అఫ్గానిస్థాన్, న్యూజిలాండ్ టెస్టులో ఐదు రోజులూ ఒక్క బంతి పడలేదు. మొదటి రెండు రోజులను తడి నేలే మింగేసింది. ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టారు, ప్రాక్టీస్ చేసే చోటి నుంచి గడ్డి పెళ్లలు తవ్వి తెచ్చి అతికారు. ఫలితం లేకపోయింది.

అంతర్జాతీయ మ్యాచ్‌లకే ఈ గతి పడితే మన హైస్కూల్ గ్రౌండ్, కాలేజీ గ్రౌండ్ ఎంత అనిపించవచ్చు. కానీ చిన్న గ్రౌండ్‌కు ఒక సుఖం ఉంది. టీవీ వాళ్ల టైమ్ కోసం తడి నేల మీద ఆడించి తీరాల్సిన టెన్షన్ ఉండదు. ఆ సుఖాన్ని వాడుకోవడం తెలియాలి, అంతే.

వానాకాలంలో గ్రౌండ్‌ను చెడగొట్టేవి ముఖ్యంగా రెండు: నీళ్లు పోయే దారి లేకపోవడం, నానిన నేలను తొక్కడం. బూజు, నాచు, తుంగ, గుంతలు అన్నీ వీటి వెనకాలే వస్తాయి. మొదటిదానికి మందు మే నెలలోనే వేయాలి. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది కాబట్టి పెద్ద పనులు రోహిణి కార్తె సగానికి పూర్తయి ఉండాలి.

నీళ్ల లెక్క, నీళ్ల దారి

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. 65 మీటర్ల బౌండరీ ఉన్న క్రికెట్ గ్రౌండ్ సుమారు 13,000 చదరపు మీటర్లు ఉంటుంది. 10 మి.మీ. వాన పడితే దాని మీద 1.3 లక్షల లీటర్లు పడ్డట్టు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే 26. ఇంత నీటిని సూపర్ సాపర్‌తో తోడేద్దామనుకోవడం అత్యాశ. ఆ మిషన్ పైన నిలిచిన నీటినే పీలుస్తుంది, మట్టిలోకి దిగిన నీటిని ఏమీ చేయలేదు. దాని మీద పెట్టే డబ్బు కాలువల మీద పెడితే ఎక్కువ లాభమని నా అభిప్రాయం.

మే నెలలో ఒకటో రెండో గాలివానలు వస్తాయి. అవి ఉచితంగా దొరికే పరీక్షలు. వాన ఆగిన అరగంటకు ముగ్గు పిండి డబ్బాతో గ్రౌండంతా తిరిగి, నీళ్లు నిలిచిన ప్రతి చోటా అంచు వెంట గీత గీయండి. ఎండాకాలంలో చదునుగా కనిపించిన నేల ఎక్కడ కుంగిందో అప్పుడు తెలుస్తుంది. మధ్య నుంచి బౌండరీకి నూటికి ఒకటి వాలు ఉంటే మంచిది, అంటే 65 మీటర్లకు 65 సెంటీమీటర్లు. దీనికి సర్వే పరికరాలు అక్కర్లేదు, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు.

బౌండరీ చుట్టూ ఉన్న కాలువలో పూడిక తీయించండి. చివర గొట్టం బయటికి తెరుచుకునే చోట ప్లాస్టిక్ గ్లాసులు, ఎండుటాకులు ఇరుక్కుని ఉంటాయి. చాలా గ్రౌండ్లలో అసలు జబ్బు అదే. ఇంకో సంగతి కూడా చూడాలి: రోడ్డు మీది నీళ్లు, పక్క బిల్డింగ్ కప్పు మీది నీళ్లు గ్రౌండ్‌లోకి వస్తున్నాయా? వస్తుంటే లోపల ఎంత డ్రైనేజీ పెట్టినా సరిపోదు. బయటే చిన్న కట్ట వేసి పక్కకు మళ్లించాలి.

ఇక మట్టి నీటిని తాగుతుందా లేదా చూడాలి. పాత పెయింట్ డబ్బా అడుగు కోసేసి రెండంగుళాలు నేలలోకి దిగేలా కొట్టండి. ముందు ఒకసారి నీళ్లు పోసి తడవనిచ్చి, మళ్లీ నింపి గంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. 25 మి.మీ. దిగితే బాగున్నట్టే. 10 లోపే ఉంటే నేల గట్టిపడిపోయింది. అప్పుడు పారతో జానెడు లోతు తవ్వి చూడండి. పై రెండు మూడంగుళాలే గట్టిగా ఉండి కింద గుల్లగా ఉంటే రంధ్రాలు పొడిస్తే బాగుపడుతుంది. కిందా మీదా నల్లరేగడే అయితే పొడవాటి సన్నని గాళ్లు తీసి ఇసుక, గులకరాళ్లు నింపక తప్పదు, అది వచ్చే ఏడాది బడ్జెట్‌లో పెట్టుకునే పని.

రంధ్రాలు, ఇసుక

రంధ్రాలు పొడవడానికి మే మధ్య భాగం సరైన సమయం. గరిక జాతి గడ్డి వేడిలోనే జోరుగా పెరుగుతుంది కాబట్టి, నీళ్లు పెడుతూ ఉంటే రెండు మూడు వారాల్లో కోలుకుంటుంది. మన దగ్గర ఔట్‌ఫీల్డ్‌లలో వేసే సెలెక్షన్ వన్ లాంటివి కూడా గరిక కుటుంబమే. మట్టిని గొట్టంలా పైకి తీసే మిషన్ అద్దెకు దొరికితే నాలుగంగుళాల లోతున తీయించండి. దొరక్కపోతే బౌలర్ల రనప్, గోల్ ముందు భాగం, కాలిబాటగా మారిన మూల, ఈ మూడు చోట్లయినా నాలుగు పళ్ల గార్డెన్ ఫోర్క్ దింపి కొంచెం వెనక్కి వంచి తీయండి. నేల మరీ ఎండి ఉంటే ముందు రోజు తడపాలి, బురదగా ఉంటే అసలు ముట్టుకోకూడదు. తడి మట్టిలో పొడిస్తే రంధ్రం గోడలు మెత్తుకుపోయి నీళ్లు దిగవు.

రంధ్రాల మీద మూడు నుంచి ఐదు మి.మీ. మందంలో ఇసుక పరిచి చీపురుతో లోపలికి తోయాలి. ఏ ఇసుక అన్నదే ఇక్కడ కీలకం. చవకని రోబో శాండ్ తెచ్చి పోసేవాళ్లున్నారు. అందులోని రాతి పొడి రంధ్రాలను మూసేస్తుంది, వేసిన పని వృథా. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది కనుక అదీ వద్దు. ఇసుక కొనే ముందు సీసాలో మూడో వంతు పోసి నీళ్లు నింపి కుదిపి పెట్టండి. ఇసుక అడుగుకు చేరాక కూడా పైన నీళ్లు చాలాసేపు మురికిగానే ఉంటే ఆ లోడు వెనక్కి పంపాలి.

ఇసుక పిచ్ దగ్గరికి మాత్రం రానివ్వకండి. పిచ్ నల్లమట్టి బంకతోనే నిలబడుతుంది, ఇసుక కలిస్తే పగిలి పొడిపొడి అవుతుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా మ్యాచ్‌లు లేకపోతే పిచ్ మీద గుంతలు పూడ్చి, గడ్డి పెరగనిచ్చి వదిలేయడమే మేలు. మ్యాచ్‌లుంటే కవర్ రాత్రికీ, వాన వేళకీ మాత్రమే. ఎండ రాగానే తీయాలి. రోజుల తరబడి కప్పి ఉంచితే కింద ఉక్కకు గడ్డి పసుపుబారి బూజు పడుతుంది. రోలర్ అయితే తడి మీద ఎక్కించే మాటే లేదు.

ఎరువు తగ్గించండి, కోత ఎత్తు పెంచండి

వానలు పడుతున్నాయి కదా అని యూరియా గుమ్మరించడం మన అలవాటు. జడివాన ముందు వేస్తే సగం కొట్టుకుపోతుంది, మిగిలిన సగం గడ్డిని మెత్తగా, నీరుపట్టినట్టు పెంచి తెగుళ్లకు పిలుపు పంపుతుంది. వానాకాలంలో నెలకు 100 చదరపు మీటర్లకు అర కిలో యూరియా మించకూడదు. పెద్ద గ్రౌండ్ మొత్తానికి బస్తాన్నర చాలు. మే చివర్లో పొటాష్ కూడా ఇస్తే కాండం గట్టిపడుతుంది, వేసిన వెంటనే నీళ్లు పెట్టాలి. ఆగస్టులో మబ్బులకు గడ్డి పాలిపోతే మళ్లీ యూరియా వైపు వెళ్లకండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేస్తే పెరుగుదల ఎక్కువ కాకుండానే పచ్చబడుతుంది. సిమెంటు మెట్ల మీద పడితే మాత్రం తుప్పు మరక వదలదు.

మబ్బు రోజుల్లో ఎండ తక్కువ కాబట్టి ఆకు ఎక్కువ ఉండాలి. స్కూల్ ఔట్‌ఫీల్డ్‌ను 20 నుంచి 25 మి.మీ. ఎత్తులో ఉంచండి. ఒక కోతలో మూడో వంతు మించి తీయొద్దు. అంటే 24 మి.మీ. ఉంచాలనుకుంటే 36 దాటకముందే మిషన్ పెట్టాలి. బ్లేడ్లు మేలోనే పదును పెట్టించండి. మొద్దు బ్లేడు ఆకును కోయదు, చీల్చుతుంది, ఆ చీలిక నుంచే తెగులు దిగుతుంది.

ఉదయం ఆరింటికి చూడాల్సినవి

రాత్రి వేడి తగ్గని, గాలి ఆడని రోజుల్లో తెల్లవారి మంచు ఆరక ముందు గ్రౌండ్ చుట్టి రండి. నూనె పూసినట్టు నల్లబడిన మచ్చలు, వాటి మీద దూది పోగుల్లాంటి తెల్లని దారాలు కనిపిస్తే అది పిథియం అనే బూజు తెగులు కావచ్చు. నీళ్లు పారిన దారిలోనే అది పాకుతుంది, గడ్డి మిషన్ చక్రాలతో కూడా పోతుంది. అందుకే ఆ చోట కోత ఆపాలి. షాపులో చాలామంది ఏ బూజుకైనా కార్బెండజిమ్ ఇస్తారు. పిథియం మీద అది పనిచేయదు. మెటలాక్సిల్ కలిసిన మందు కావాలి. మోతాదు లేబుల్ చూసి, వ్యవసాయ అధికారిని అడిగి వేయండి. మందు ఆరే దాకా పిల్లలను రానివ్వొద్దు. రూపాయి బిళ్లంత ఎండుగడ్డి రంగు మచ్చలైతే అది వేరే తెగులు, డాలర్ స్పాట్. అది తరచుగా ఎరువు చాలని చోట వస్తుంది.

తొలకరి పడ్డ సాయంత్రాలు పెంకు పురుగులు నేలలోంచి లేచి పక్కనున్న వేపచెట్లు ఎక్కుతాయి. కొమ్మలు దులిపి, కిరోసిన్ కలిపిన నీళ్లలో వేసేయండి. ఇప్పుడు వదిలేస్తే వాటి పిల్ల పురుగులు వేర్లు తినేసి, ఆగస్టు నాటికి గడ్డి చాప చుట్టినట్టు లేచి వస్తుంది.

తుంగను పీకితే గడ్డలు తెగి నేలలోనే మిగిలి మళ్లీ మొలుస్తాయి. చెరకు తోటల్లో వాడే హాలోసల్ఫ్యూరాన్ గరికకు హాని చేయకుండా దాన్ని అణుస్తుంది, వాన లేని రోజు చూసి వేయాలి. గ్లైఫోసేట్ వేస్తే గరిక కూడా పోతుంది.

తొక్కడం గురించి ఖరాఖండీగా

గ్రౌండ్ తెరవాలా వద్దా అన్నది మడమతో తేల్చండి. బరువంతా వేసి మడమ నొక్కితే నీరు ఊరినా, గుంట అలాగే ఉండిపోయినా ఆ రోజు ఆట లేదు. అరగంట ఆటతో అణిగిన నేలను గుల్ల చేయడానికి ఒక సీజన్ పడుతుంది.

స్కూళ్లలో అసలు దెబ్బ ఆగస్టు మొదటి రెండు వారాల్లో పడుతుంది. స్వాతంత్ర్య దినోత్సవం మార్చ్ పాస్ట్ కోసం మూడు నాలుగు వందల మంది పిల్లలు ఒకే లైన్‌లో రోజూ అడుగులు వేస్తారు, అదీ వానలు జోరుగా ఉన్న రోజుల్లో. పీఈటీ సార్లతో జూన్‌లోనే మాట్లాడుకోండి: రిహార్సల్స్ బడి ముందున్న సిమెంటు నేల మీద, గ్రౌండ్‌లో చివరి ఒకటి రెండు రోజులు మాత్రమే. లైన్ కూడా కొన్ని మీటర్లు జరుపుతూ ఉండాలి. తర్వాత వినాయక చవితి మండపం, బతుకమ్మ, మీటింగులు వస్తాయి. కాదనలేని చోట కనీసం లారీ లోపలికి రాకుండా గేటు దగ్గరే దించమనండి, గుంజలు బౌండరీ బయట పాతమనండి. పెద్దమనుషులకు ఈ మాట నోటితో చెప్తే నిలవదు, హెడ్‌మాస్టర్ సంతకంతో రాసి ఇవ్వాలి. ఫుట్‌బాల్ గోల్ పోస్టులు కదిలేవైతే పదిహేను రోజులకోసారి జరపండి.

గోల్ఫ్ కోర్సుల వాళ్లకు ఇదంతా తెలిసిందే. వాళ్లకు చెప్పాల్సిందల్లా బండ్లు కార్ట్ దారి దాటకుండా చూడటం, గ్రీన్ (బంతి దొర్లించే రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద కోత ఎత్తు కొద్దిగా పెంచడం, ఉదయాన్నే వెదురు బద్దతో మంచు దులపడం.

కంగారులో చేసే రెండు పనులు మానండి. గుంటలో నీళ్లు నిలిస్తే ఇసుక కుమ్మరించకండి, ఎండాక అక్కడ దిబ్బ తేలుతుంది. రంపపు పొట్టు బౌలర్ కాలు దిగే చోట చల్లుకోవచ్చు గానీ ఔట్‌ఫీల్డ్ అంతా చల్లితే పైపొర మూసుకుపోతుంది.

పనివాళ్ల భద్రత

ఉరుము వినగానే అందరూ లోపలికి రావాలి. ఇనప రోలర్, సైట్ స్క్రీన్ (బ్యాటర్‌కు బంతి స్పష్టంగా కనిపించేందుకు బౌండరీ దగ్గర నిలబెట్టే పెద్ద తెర), చెట్టు, మూడూ ప్రమాదమే. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రండి. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. చుట్టి పెట్టిన కవర్ల కింద పాములు చేరతాయి. ముందు కర్రతో కదిపి, గమ్‌బూట్లతోనే దగ్గరికి వెళ్లాలి. పంపు స్టార్టర్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మేలోనే చూపించండి.

కోస్తా వాళ్లకు అక్టోబర్ నుంచి రెండో గండం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది, 14న అక్కడ జరగాల్సిన భారత్, వెస్టిండీస్ వన్డే రద్దయింది. తుపాను హెచ్చరిక రాగానే సైట్ స్క్రీన్లు పడుకోబెట్టి కట్టేయండి, కవర్లు గదిలో పెట్టండి. సముద్రానికి దగ్గరైతే గాలితో వచ్చిన ఉప్పు ఆకుల మీద పేరుకుంటుంది. గాలి తగ్గాక మంచినీళ్లతో గడ్డిని కడగాలి.

ఒక మూల పది మీటర్ల చదరంలో మీ గ్రౌండ్‌లో ఉన్న గడ్డినే నర్సరీగా జూన్‌లో నాటుకోండి. సన్నని తుంపర్లు పడే మబ్బు రోజుల్లో అందులోంచి వేర్లతో పెళ్లలు తీసి, పోయిన చోట జానెడు ఎడంగా అతికించి, మూడు వారాలు తాడు కట్టి ఉంచండి.