గిటారు లోపలి గాట్ల పట్టీ అంటించే పద్ధతి

గిటారు పక్క పలక మందం 2 మిల్లీమీటర్లు. అంత సన్నని అంచు మీద మీది పలకను (తీగల వైపు ఉండే పై పలకను) నిలబెడితే జిగురు పట్టడానికి చోటెక్కడిది? పైగా పెట్టె మూసిన తర్వాత బైండింగ్ కోసం, అంటే అంచును కప్పే సన్నని పట్టీ కోసం, ఆ అంచు చుట్టూ గాడి తీస్తాం. 1.5 మిల్లీమీటర్ల లోతు, 6 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే సరిగ్గా అతుకు ఉన్నచోటే పక్క పలకలో ముప్పావు వంతు పోతుంది. ఆరు స్టీలు తీగలూ శృతిలో ఉన్నప్పుడు కలిపి 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు పెట్టె విడిపోకుండా పట్టి ఉంచేది లోపలి అంచు వెంట అంటించే లైనింగ్ పట్టీ.

మహబూబ్‌నగర్ వైపు పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ తేడా గుర్తొస్తుంది. దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన ఆ వాయిద్యానికి మోత ఇచ్చేవి ఎండిన సొరబుర్రలు. పాదున కాసిన బుర్రకు అతుకే ఉండదు. గిటారుకు అన్నీ అతుకులే.

నేను నల్లగొండలో హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఆదివారాలూ సెలవుల్లో మా నాయన వడ్రంగి షెడ్డులో గిటార్లు చేస్తాను. ఇప్పటికి నాలుగు పూర్తయ్యాయి. మొదటి గిటారుకు ఆరు నెలలు నిండకుండానే, జి తీగ మీటితే లోపల ఏదో జుయ్యిమనేది. ఫ్రెట్లు చూశాను, తీగలు మార్చాను, పోలేదు. చివరికి చిన్న అద్దం, టార్చి లోపల పెట్టి చూస్తే నడుము వంపు దగ్గర 8 సెంటీమీటర్ల మేర పట్టీ పక్క పలకను వదిలేసి ఉంది. సిరంజితో జిగురు ఎక్కించి బాగు చేయగలిగాను. కానీ ఎంతో ఇష్టంగా చేసిన గిటారు, చాలా బాధపడ్డాను. ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకున్న తర్వాత చేసిన మూడింటిలో ఒక్కటి కూడా వదల్లేదు. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

కర్ర సంగతి. చాలామంది మహోగని గానీ బాస్‌వుడ్ గానీ వాడతారు. నేను గుమ్మడి టేకు వాడుతున్నాను. తేలిగ్గా ఉంటుంది, రంపానికి సులువుగా తెగుతుంది, వానాకాలం వచ్చినా పెద్దగా మెలి తిరగదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి ఈ పనికి మరీ మెత్తన. ఏ కర్రయినా నార పట్టీ పొడవునా తిన్నగా సాగాలి. నార పక్కకు తిరిగినచోట, వంచగానే పుటుక్కున విరుగుతుంది.

పట్టీ పొడవు 80 సెంటీమీటర్లు, ఎత్తు 16 మిల్లీమీటర్లు. మందం పలక కూర్చునే పై అంచు దగ్గర 7 మిల్లీమీటర్లు, కిందికి వచ్చేసరికి 2. ఇలాంటివి నాలుగు కావాలి, కుడి ఎడమలకు పైన ఒకటి కింద ఒకటి. నేను ఐదో పట్టీ కూడా కోసి పెట్టుకుంటాను. ముందు రందతో వాలు తీసి, ఆ తర్వాతే గాట్లు పెట్టాలి. వాలు ఉన్న వైపు నుంచి ప్రతి 6 మిల్లీమీటర్లకు ఒక గాటు, వెనక 1 మిల్లీమీటరు పొర మిగిలేలా. పట్టీ వంగేది ఈ పొర వల్లే. పొర 2 మిల్లీమీటర్లు ఉంటే వంగదు, అర మిల్లీమీటరు ఉంటే చేతిలోనే ముక్కలవుతుంది.

ఒక పట్టీకి 130 దాకా గాట్లు పడతాయి, నాలుగింటికి 500 దాటుతాయి. ప్రతిదానికీ కొలత పెట్టి గీత గీస్తే పని తెమలదు. అందుకని చిన్న చెక్క పెట్టె చేసుకోండి. రంపం దిగడానికి దాని గోడల్లో ఒక సందు, ఆ సందుకు సరిగ్గా 6 మిల్లీమీటర్ల దూరంలో పాత హాక్సా బ్లేడు ముక్క నిలబెట్టాలి. ఒక గాటు కోశాక దాన్ని ఆ బ్లేడు ముక్క మీద కూర్చోబెడితే తర్వాతి గాటు దానంతటదే సరైన దూరంలో పడుతుంది. రంపం వెన్ను పెట్టె గోడలకు ఆనగానే ఆగిపోయేలా గోడల ఎత్తు సరిచేసుకుంటే లోతు కూడా అన్నిటికీ ఒకటే వస్తుంది. ఈ పెట్టెకు ఒక పూట పట్టినా పరవాలేదు.

గాట్లు గిటారు లోపలికి కనబడేలా, పొర పక్క పలకకు అంటేలా పెట్టడం మామూలు పద్ధతి. తిరగేసి, గాట్లను పక్క పలక వైపు పెట్టేవాళ్లూ ఉన్నారు. దానివల్ల చట్రం బాగా బిగుస్తుంది, లోపల చూడ్డానికి నున్నగా ఉంటుంది. స్పెయిన్ పద్ధతిలో క్లాసికల్ గిటార్లు చేసేవాళ్లయితే మీది పలకకు చిన్న చిన్న దిమ్మలు ఒక్కొక్కటే అంటిస్తారు. మొదటిసారి చేసేవాళ్లకు మామూలు పద్ధతే మంచిదని నా అభిప్రాయం. పొర వైపు చదునుగా ఉంటుంది కాబట్టి జిగురు రాయడం, అతుకు కూర్చుందో లేదో చూడ్డం రెండూ సులువు.

ఇక క్లిప్పులు. 2 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఒక పట్టీకి 40 కావాలి. చెక్కతో చేసిన బట్టల క్లిప్పులు దొరికితే వాటికి సైకిల్ ట్యూబును రింగులుగా కోసి తొడగండి, పట్టు బాగా పెరుగుతుంది. ప్లాస్టిక్‌వి వద్దు, మన ఎండలకు ఏడాదిలోనే పెళుసెక్కి విరుగుతాయి. నేను క్లాక్ టవర్ సెంటర్‌లోని స్టేషనరీ షాపులో కాగితాలకు పెట్టే నల్ల బైండర్ క్లిప్పులు, 32 మిల్లీమీటర్లవి, నాలుగు డజన్లు కొన్నాను. వాటి అంచు గుచ్చుకుని పక్క పలక బయటి వైపు గీత పడుతుంది. మధ్యలో పాత పరీక్ష అట్ట ముక్క పెడితే సరిపోతుంది. పక్క పలకలను వంపులో పట్టి ఉంచే అచ్చులోంచి వాటి అంచు కనీసం 25 మిల్లీమీటర్లు పైకి ఉండాలి, లేకపోతే క్లిప్పు దిగదు.

పెట్టె లోపల రెండు చివర్లా ఉండే మెడ దిమ్మ, తోక దిమ్మ అంటించాక, పక్క పలకల లోపలి ముఖం 120 నంబరు సాండ్ పేపర్‌తో రుద్దండి. వంచేటప్పుడు కమిలిన నల్లటి మరకలు పోవాలి. నావి జిట్రేగి పలకలు, పై దేశాలవాళ్లు ఇండియన్ రోజ్‌వుడ్ అనేది దీన్నే. ఈ కర్రలో నూనె ఉంటుంది కాబట్టి జిగురు రాసే ముందు అసిటోన్ గుడ్డతో ఒకసారి తుడుస్తాను.

ఇప్పుడు అసలు విషయం. నా మొదటి గిటారులో పట్టీ వదిలింది జిగురు తప్పు వల్ల మాత్రమే కాదు. వంగని పట్టీని క్లిప్పులతో బలవంతంగా నొక్కి వంచాను. ఊడిన గిటారును చూసి మా నాయన, "క్లిప్పు పని పట్టుకునుడు బిడ్డా, వంచుడు కాదు. బలవంతంగ వంచింది ఎన్నడన్న తిరగబడ్తది" అన్నాడు. ఆయన గిటారు ఎప్పుడూ చేయలేదు, ఎడ్లబండి చక్రాలు చేశాడు.

కాబట్టి జిగురు డబ్బా మూత తీయకముందే పట్టీకి వంపు రావాలి. గాట్లు లోపలికి మూసుకునే పెద్ద వంపులతో ఇబ్బంది ఉండదు. నడుము దగ్గర గాట్లు తెరుచుకుంటాయి, విరిగేది అక్కడే. ఆ భాగంలో పొర వైపు తడి గుడ్డతో రెండుసార్లు అద్ది, ఐదు నిమిషాలు ఆగండి. స్టీలు చెంబులో మరిగిన నీళ్లు పోసి, పొర చెంబుకు ఆనేలా ఆ భాగాన్ని మెల్లగా వంచి, పాత చున్నీతో కట్టి, చల్లారేదాకా వదిలేయండి. విప్పాక వంపు అలాగే నిలుస్తుంది. పక్క పలకలు వంచే వేడి పైపు ఉన్నవాళ్లు దాని మీదే వంచుకోవచ్చు. తడి పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి ఇవ్వండి.

మరుసటి రోజు జిగురు లేకుండా మొత్తం బిగించి చూడాలి. పట్టీ ఒక కొసను గుణియాకు తిన్నగా కోసి మెడ దిమ్మకు ఆనించి, అక్కడినుంచి క్లిప్పులు పెట్టుకుంటూ తోక దిమ్మ దాకా రండి. రెండు కొసల నుంచి మొదలుపెడితే నడుము దగ్గర పట్టీ పలకకు ఆనకుండా వంతెనలా నిలుస్తుంది. తోక దిమ్మ దగ్గర గుర్తు పెట్టి కోయండి. తర్వాత క్లిప్పులు ఒకటి విడిచి ఒకటి తీసేయండి. సగం క్లిప్పులతో కూడా పట్టీ పలకకు అంటుకునే ఉంటే వంపు సరిపోయినట్టు. సందులో కాగితం దూరితే మళ్లీ చెంబు దగ్గరికే. నేను ఈ పరీక్షకు ఒక్కో పట్టీకి అరగంట కేటాయిస్తాను.

పట్టీ పై అంచు పక్క పలక కంటే 1 మిల్లీమీటరు పైకి ఉండాలి. మీది, వెనక పలకలు చదునుగా ఉండవు, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటాయి. చాలామంది వాడే లెక్క మీది పలకకు 28 అడుగుల వ్యాసార్ధం, వెనక పలకకు 15 అడుగులు. ఆ వాలు వల్ల పట్టీ లోపలి కొస వెనక పలక వైపు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాల్సి వస్తుంది. మిగతాది అరగదీతకు.

అంటించే పనికి మా ఊళ్లో వేళ చూసుకోవాలి. మొదటిసారి నేను మే నెలలో, మధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద చేశాను. పట్టీ చివరికి వచ్చేసరికి మొదట రాసిన జిగురు మీద పొర కట్టేసింది. పొర కట్టిన జిగురు కర్రలోకి దిగదు. ఇప్పుడు ఎండాకాలమైతే పొద్దున ఐదున్నరకే మొదలుపెడతాను. జిగురు టైట్‌బాండ్ ఒరిజినల్, ఆరాక గట్టిగా ఉంటుంది, సాండ్ పేపర్ కింద ముద్ద కట్టదు. పాత టూత్‌బ్రష్‌తో పొర వైపు పల్చగా, ఎక్కడా ఖాళీ లేకుండా రాయాలి. గాట్లలోకి పోయకూడదు. క్లిప్పులన్నీ ముందే నోరు తెరిచి వరుసగా పేర్చుకుని, ఇంట్లో ఎవరినైనా అందించమనండి. మా ఇంట్లో ఆ పని అమ్మది.

క్లిప్పులు పెట్టాక పట్టీ కింది అంచు వెంట జిగురు చిన్న పూసల్లా వరుసగా బయటికి రావాలి. పూసలు లేనిచోట జిగురు చాలలేదని అర్థం, వెంటనే తీసి మళ్లీ రాయండి. పదిహేను నిమిషాల తర్వాత కూల్‌డ్రింక్ స్ట్రా కొసను ఏటవాలుగా కోసి ఆ మూల వెంట తోస్తే జిగురంతా స్ట్రాలోకి వచ్చేస్తుంది. గంట తర్వాత క్లిప్పులు తీసి రెండో పట్టీకి వాడుకోవచ్చు. అరగదీసే పని మాత్రం మర్నాటికే.

ఆరిన తర్వాత గోటితో పట్టీ పొడవునా తట్టుకుంటూ రండి. అంటిన చోట టక్కుమంటుంది. వదిలిన చోట డొల్ల చప్పుడు వస్తుంది, చెవి ఇట్టే పట్టేస్తుంది. ఇప్పుడే దొరికితే సన్నని జిగురు, రెండు క్లిప్పులతో ఐదు నిమిషాల పని.

అరగదీయడానికి, పలక ఉబ్బుకు సరిపోయే వంపున్న గుంట పళ్లెంలో 80 నంబరు సాండ్ పేపర్ అంటించి, పట్టీ పైన, పలక అంచు మీద పెన్సిల్‌తో వంకర గీతలు గీసి, చట్రాన్ని దాని మీద బోర్లించి విసుర్రాయి తిప్పినట్టు అటూ ఇటూ తిప్పాలి. గీతలన్నీ చెరిగితే ఆపేయండి. తర్వాత బ్రేసుల (పలక లోపలి వైపు బలానికి అంటించే కర్రల) కొసలు దిగడానికి పట్టీలో గూళ్లు తీయాలి. మీది పలకను చట్రం మీద పెట్టి, బ్రేసు తగిలిన ప్రతిచోటా సన్నని పెన్సిల్‌తో గుర్తు పెట్టి, 6 మిల్లీమీటర్ల ఉలితో కొంచెం కొంచెంగా చెక్కుతాను. బ్రేసు కొస ఎత్తు 2 మిల్లీమీటర్లే కాబట్టి గూడు అంతకంటే లోతు పోకూడదు. వదులైన గూడు బ్రేసును పట్టదు.

చివరిగా షెడ్డు తలుపులు మూసి, వెనక పలక ఇంకా లేని చట్రం కింద బల్బు వెలిగించి, మీది పలకను ఊరికే పైన పెట్టి చేత్తో నొక్కి చూస్తాను. అతుకు చుట్టూ ఎక్కడా వెలుగు గీత కనిపించకపోతే అప్పుడు జిగురు డబ్బా తీస్తాను.