మడమల పగుళ్లకు రాత్రిపూట చేసుకోదగిన చిట్కా

చలికాలంలో మడమలు పగిలి, దుప్పటి పోగులు ఆ పగుళ్లలో చిక్కుకుని లాగుతుంటే ప్రాణం విలవిలలాడుతుంది. నొప్పి సంగతి అటుంచినా, సూక్ష్మక్రిములను బయటే నిలువరించే చర్మపు పైపొర చీలిన చోటు నుంచి అవి లోపలికి చేరి, కాలు ఎర్రబడి వాచే సెల్యులైటిస్‌కు దారితీయవచ్చు కనుక పగుళ్లను తేలికగా తీసుకోకూడదు.

పడుకునే ముందు గోరువెచ్చని నీటిలో పాదాలను 10 నిమిషాలు ఉంచి, మెత్తని తువ్వాలుతో అద్ది, మడమలు ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే ఒక్కోదానికి అర చెంచా పెట్రోలియం జెల్లీ పట్టించి, నూలు సాక్సులు తొడుక్కోవాలి. నీటిలో సబ్బు కలపవద్దు. చర్మానికి రక్షణగా ఉండే సహజమైన ఆమ్లగుణాన్ని, నూనెపొరను మామూలు సబ్బు తగ్గిస్తుంది. వేళ్ల సందులను మాత్రం పొడిగా తుడిచి, అక్కడ జెల్లీ రాయకుండా వదిలేయాలి, ఎందుకంటే చెమ్మ నిలిచిన చోట ఫంగస్ త్వరగా పెరుగుతుంది. ఖరీదైన క్రీములు కొనేముందు రెండు వారాలు క్రమం తప్పకుండా ఇలా చేసి చూడటం మంచిది.

పగుళ్ల నుంచి రక్తమో చీమో వస్తున్నా, మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినా ఇది పనికిరాదు. అటువంటివారు పాదాలను నీటిలో నానబెట్టకుండా నేరుగా వైద్యునికి చూపించుకోవాలి.