తపస్సు కాలాన్ని పాస్కా జాగరణ వైపు నుంచి మొదలుపెట్టే విధానం

విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని ఇంటికి రాగానే "ఈ నలభై రోజులూ ఏం మానేద్దాం?" అనే ప్రశ్నతోనే చాలా కతోలిక కుటుంబాల్లో ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం మొదలవుతుంది. ఒకరు మాంసం, ఒకరు టీ, మరొకరు సెల్‌ఫోన్‌లో సినిమాలు మానేస్తారు. ఈస్టరు నాటి మధ్యాహ్నానికి అవన్నీ తిరిగి వచ్చేస్తాయి. ఈ ఆనవాయితీని తప్పుపట్టనక్కర లేదు గానీ, అది సగం పని మాత్రమే. ఈ కాలం ఒకవైపు జ్ఞానస్నానాన్ని (బాప్తిస్మాన్ని) స్మరించుకోవడానికి లేదా దానికి సిద్ధపడడానికి, మరోవైపు పశ్చాత్తాపపడడానికి ఉద్దేశించినదని రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన దైవార్చన పత్రం చెబుతోంది. మనం పశ్చాత్తాపాన్ని పట్టుకుని, జ్ఞానస్నానం సంగతి మరచిపోతున్నాం.

కనుక ప్రణాళికను చివరి నుంచి వేసుకోండి. పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టరుకు ముందు శనివారం రాత్రి, జ్ఞానస్నాన వాగ్దానాలను మళ్లీ చేయడానికి అందరూ వెలిగించిన కొవ్వొత్తులు పట్టుకుని నిలబడినప్పుడు, సైతానును, దాని క్రియలను, దాని ఆడంబరాలను విసర్జిస్తున్నారా అని గురువు (ఫాదర్) అడుగుతారు. గుడి అంతా ఒక్క గొంతుతో విసర్జిస్తున్నామని జవాబిస్తుంది. ఆ జవాబు మీ నోట నిజం కావాలంటే, మీరు విసర్జించవలసినది ఏమిటో ముందుగా తెలిసి ఉండాలి. మొదటి వారంలో ఒక సాయంత్రం కాగితం ముందు పెట్టుకుని కూర్చోండి. "కోపం ఎక్కువ", "ప్రార్థన తక్కువ" వంటి మాటలు రాయవద్దు, ఎందుకంటే వాటిని సరిదిద్దడం ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. "గట్టు తగాదా తర్వాత అన్నయ్య ఫోన్ చేస్తే ఎత్తడం లేదు", "చేబదులు ఇచ్చిన డబ్బుకు అడ్డగోలు వడ్డీ తీసుకుంటున్నాను", "గుడిలో అందరం ఒకటే అంటాను గానీ పెళ్లి సంబంధం దగ్గర కులం చూస్తాను" అని రాయండి. ఈ మూడోది మన విచారణల్లో (పారిష్‌లలో) బాహాటంగా ఒప్పుకునేవారు అరుదు. అందుకే అది కాగితం మీదికి రావడం మరింత అవసరం. రాసినవాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని, ప్రార్థన, ఉపవాసం, దానం మూడింటినీ దాని మీదికే తిప్పండి.

ప్రార్థనకు రోజూ కాస్త సమయం చాలు, కానీ ఆ వేళ మారకూడదు. ఆనాటి దివ్యబలిపూజలో (మాస్‌లో) చదివే సువిశేష భాగాన్ని ఇంట్లో నెమ్మదిగా చదువుకోండి. విభూది బుధవారపు సువిశేషం మత్తయి ఆరవ అధ్యాయం నుంచి వస్తుంది. దానమూ ప్రార్థనా ఉపవాసమూ పదిమందికీ కనబడేలా చేయవద్దని అందులో ప్రభువు హెచ్చరిస్తారు. ఉపవాసం ఉన్నట్టు వాట్సాప్ స్టేటస్ పెట్టేవారు దాన్ని ఒకసారి తిరగేస్తే మంచిది.

ఉపవాస నియమాలు మనం అనుకునేంత కఠినమైనవి కావు. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రెండు రోజులూ ఉపవాసం, మాంసవర్జనం రెండూ ఉంటాయి. ఉపవాసమంటే ఒక పూట పూర్తి భోజనం, తక్కిన వేళల్లో కొద్దిపాటి ఆహారం. 18 ఏళ్లు నిండినవారు 59 ఏళ్లు నిండేవరకు దానికి బద్ధులు. మాంసం మానే నియమం 14 ఏళ్లు నిండినప్పటి నుంచి వర్తిస్తుంది. తక్కిన శుక్రవారాల విషయంలో మీ మేత్రాసనంలో (బిషప్ పరిధిలో) అమలులో ఉన్న పద్ధతిని విచారణ గురువులను అడిగి తెలుసుకోండి. శుక్రవారం నాడు మహోత్సవం, అంటే అత్యున్నత శ్రేణి పండుగ, వస్తే మాంసవర్జనం ఉండదు. 2027లో పునీత జోజప్ప (యోసేపు) గారి పండుగ మార్చి 19 అలాగే శుక్రవారం నాడు పడింది. రోగులు, గర్భిణులు, ఎండలో మిరపకోతకు వెళ్లే కూలీలు తమను తాము హింసించుకోనవసరం లేదు. వారు బదులుగా వేరొక త్యాగాన్ని ఎంచుకోవచ్చు.

మానేసినదాని ఖరీదు మీ జేబులో మిగిలిపోతే అది పొదుపే అవుతుంది. చేపల కూరకో, బయటి టిఫినుకో పెట్టే డబ్బును అదే రోజు ఒక డబ్బాలో వేయండి. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి పక్కన పెట్టే పాత అలవాటు ఉన్న ఇళ్లలో దాన్ని కొనసాగించండి. వడ్డీ సంగతి రాసుకున్నవారికి మాత్రం డబ్బా సరిపోదు, అన్యాయంగా పుచ్చుకున్నది ఎవరి దగ్గర పుచ్చుకున్నారో వారికే తిరిగి ఇవ్వాలి.

గురువు దగ్గర పాపాలను ఒప్పుకునే పాపసంకీర్తనాన్ని ఈస్టరు ముందరి పవిత్ర వారం దాకా వాయిదా వేయకండి. అప్పటికి వరుస పెద్దదవుతుంది, గురువుకూ మీకూ తీరిక ఉండదు. మూడవ, నాలుగవ వారాల్లో సాధారణ దినాన ముందే అడిగి వెళ్లండి. క్రిందటి పాపసంకీర్తనం ఎప్పుడు జరిగిందో చెప్పి, ఘోర పాపాలను వాటి సంఖ్యతో సహా సూటిగా చెప్పండి. భార్య తప్పులనో, అత్తగారి మాటలనో వివరించడం మొదలుపెడితే మీ సంగతి మరుగున పడిపోతుంది. చాలా ఏళ్లుగా వెళ్లనివారు ఆ మాటే ముందు చెబితే, ఎలా కొనసాగించాలో గురువే నడిపిస్తారు. ఘోర పాపాలను ఏడాదికి ఒక్కసారైనా ఒప్పుకోవాలన్న నియమం 1215 నాటి నాల్గవ లాతరన్ మహాసభ నుంచి ఉంది, అయితే అది కనీస హద్దు మాత్రమే.

క్రీస్తు శ్రమలను ధ్యానించే శుక్రవారాల సిలువ మార్గంలో పద్నాలుగు స్థలాలనూ పరుగున ముగించే బదులు, మీ కాగితానికి దగ్గరగా ఉన్న ఒక్క స్థలం వద్ద మనసు నిలపండి. అన్నయ్యతో మాట్లాడనివారికి సిరేనియా సీమోను సిలువ మోసే అయిదవ స్థలం చాలు. గల్ఫ్‌లోని కొన్ని దేశాల్లో పనిచేసే మనవారికి శుక్రవారం నాడే ఆదివారపు పూజ కూడా ఉంటుంది గనుక, వారు సిలువ మార్గాన్ని గదిలోనే మరో సాయంత్రం చేసుకోవచ్చు.

మధ్యలో నియమం తప్పితే మర్నాటి నుంచి కొనసాగించండి, మొదటి నుంచి లెక్కపెట్టవద్దు. అన్నయ్యకు చేయవలసిన ఆ ఫోన్‌ను పవిత్ర గురువారానికి ముందే చేయండి. అవతలివారు ఎత్తకపోతే శనివారం లోపు మనిషిని కలవడానికి వెళ్లండి. జాగరణకు మీ జ్ఞానస్నాన తేదీని విచారణ పుస్తకంలో చూసుకుని వెళ్లండి, మీ జ్ఞాన తల్లిదండ్రులు బ్రతికి ఉంటే వారికి ఆ ఉదయమే కబురు చేయండి.