రెస్క్యూ హౌండ్‌ను తెచ్చుకోవాలా వద్దా? ఇలా తేల్చుకోండి

దిక్కులేని కుక్కలను ఉంచే షెల్టర్‌లో హౌండ్ (వేటకుక్క జాతి) కనిపించి, ఆ వేలాడే చెవులు, దిగులు కళ్లు చూస్తే అక్కడికక్కడే సంతకం పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకండి. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న కుక్క అది. తీసుకెళ్లి మళ్లీ వెనక్కి పంపితే ఇంకా బెదిరిపోతుంది. ముందే నాలుగు రోజులు ఆగి ఆలోచించడం దానికి మీరు చేసే మొదటి మేలు.

1. అది ఏ రకం హౌండో తెలుసుకోండి

హౌండ్లలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. గ్రేహౌండ్, విప్పెట్, సలూకి లాంటివి కంటితో వేటాడతాయి. బీగిల్, బాసెట్, ఫాక్స్‌హౌండ్, కూన్‌హౌండ్ లాంటివి ముక్కుతో వేటాడతాయి. రెండిటితో కాపురం ఒకలా ఉండదు.

గ్రేహౌండ్ గంటకు 70 కిలోమీటర్ల దాకా వేగం అందుకోగలదు. అయినా ఇంట్లో రోజంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది. దానికి గంటల తరబడి వ్యాయామం అక్కర్లేదు. బీగిల్ అలా కాదు. నడకలో వాసన తగిలిందంటే ముక్కు నేలకు అతుక్కుపోతుంది, తోక పైకి లేస్తుంది, మీరెంత పిలిచినా పట్టించుకోదు. చాలామంది దీన్ని మొండితనం అనుకుంటారు, అది అన్యాయం. మనిషి వెంట లేకపోయినా వాసన పట్టుకుని పోయేలా, దొరికినచోట గొంతెత్తి చెప్పేలా తరతరాలుగా దాన్ని తయారు చేసింది మనమే. కాబట్టి ఆ అరుపు, ఊళ కూడా కుక్కతో పాటే వస్తాయి. గోడకు అవతల పక్కింటివాళ్లు ఉంటే వాళ్లతో, అద్దె ఇల్లయితే యజమానితో ముందుగా మాట్లాడండి.

2. లీష్ (కుక్కను పట్టుకునే తాడు) విప్పకుండా పెంచగలరా?

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. కంచె లేని చోట హౌండ్‌ను వదలకూడదు. "మెల్లగా నేర్పితే పిలవగానే వస్తుందిలే" అన్న ఆశ మీద నిర్ణయం తీసుకోవద్దు. పెరడు ఉంటే కంచె ఎత్తుతో పాటు అడుగు భాగం కూడా చూడండి. బీగిల్ తవ్వుకుని బయటపడుతుంది. గ్రేహౌండ్‌కు తల సన్నం, మెడ లావు కాబట్టి మామూలు కాలర్ నుంచి తల జారిపోతుంది. లాగినప్పుడు కొంతవరకే బిగిసే మార్టింగేల్ కాలర్ వాడాలి.

3. మీ మామూలు రోజును రాసుకోండి

సెలవు రోజును కాదు, పని రోజును. ఇంట్లో ఎవరూ లేని గంటలెన్ని? ముక్కుతో వేటాడేవి ఎక్కువగా గుంపుతో బతికే జాతులు. ఒంటరిగా వదిలితే కొన్నిటికి విపరీతమైన టెన్షన్. పొద్దున్నే లేచి నడిపించేదెవరో ఇంట్లో అందరి ముందూ తేల్చండి. పిల్లలు అడుగుతున్నారని తెచ్చినా, ఆ బాధ్యత పెద్దవాళ్లదే. ఈ జాతులు చాలావరకు 10 నుంచి 14 ఏళ్లు బతుకుతాయి. తిండి, వైద్యం ఖర్చు అన్నాళ్లూ ఉంటుంది.

4. పిల్లి, కుందేలు ఉన్నాయా?

ఉంటే షెల్టర్‌వాళ్లను పిల్లితో పరీక్షించమని అడగండి. మధ్యలో అడ్డు పెట్టి, కుక్కను లీష్ మీద ఉంచి చేస్తారు. ఒళ్లు బిగుసుకుని, రెప్ప వేయకుండా చూస్తూ, కాళ్లు వణుకుతూ, మూతి దగ్గర తిండి పెట్టినా తల తిప్పలేదంటే ఆ ఇంటికి ఆ కుక్క వద్దు. ఒకసారి చూసి, వాసన పట్టి, మీవైపు తిరిగితే ఆశ ఉన్నట్టే. అయినా రెండిటినీ ఒంటరిగా కలిపి వదలొద్దు.

5. రెండుసార్లు వెళ్లి కలవండి

వేర్వేరు వేళల్లో వెళ్లండి. బోనులో బిక్కచచ్చిన కుక్క బయట నడకలో వేరేలా ఉంటుంది. ఎందుకు వదిలేశారు, ఎవరింట్లోనైనా ఉంచి చూశారా, నిద్రలో తాకితే ఉలిక్కిపడి కరవబోతుందా, తిండి దగ్గర గుర్రుమంటుందా అని అడగండి. వేలాడే చెవులు ఎత్తి లోపల వాసన, ఎరుపు ఉన్నాయేమో చూడండి. గ్రేహౌండ్ అయితే పళ్లు చూడండి. సన్నటి ఒళ్లు కాబట్టి వీటికి మత్తుమందు ఇవ్వడంలో ప్రత్యేక జాగ్రత్త కావాలి. ఆ సంగతి తెలిసిన పశువైద్యుడు అందుబాటులో ఉన్నారో లేదో ఇప్పుడే కనుక్కోండి.

6. వీలైతే కొన్నాళ్లు ఉంచుకుని చూడండి

చాలా సంస్థలు ఫోస్టర్‌గా, అంటే తాత్కాలికంగా ఉంచుకోవడానికి ఇస్తాయి. మొదటి 3 రోజుల బెదురు చూసి తీర్పు చెప్పొద్దు. ఇంటి పద్ధతి తెలియడానికి సుమారు 3 వారాలు, కుదురుకోవడానికి 3 నెలలు పడుతుందని ఒక మోటు లెక్క. పందేల నుంచి వచ్చిన గ్రేహౌండ్‌కు మెట్లు, గాజు తలుపులు కూడా కొత్తే.

కుదరదనిపిస్తే కారణం షెల్టర్‌వాళ్లకు సూటిగా చెప్పండి, మీకు సరిపడే మరో కుక్కను వాళ్లే చూపిస్తారు. సరే అనుకుంటే మాత్రం కాలర్, మీ ఫోన్ నంబరున్న బిళ్ల షెల్టర్‌లోనే తొడిగించండి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే దాని వివరాలు మీ పేరు మీదికి మార్పించండి. ఇంటికి చేరాక, కారు తలుపు తీయకముందే లీష్ చేతిలో గట్టిగా పట్టుకోండి.